ఖాళీ కత్తెర

నాకు పుట్టుకతోనే రెండు సుళ్ళు. ఒక్క సుడి ఉంటేనే వాడికి సుడి ఉందంటారు కదా, ఆ లెక్కన రెండున్నవాడు రాజ్యమేలాలి. నా నెత్తి మీద మాత్రం అవి రెండూ ఎదురుబొదురుగా తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నడినెత్తిన జుట్టు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి నిలబడేది. దానికి తోడు చెవులు. రెండు తలుపులూ తెరిచిన కారు ఎదురొస్తున్నట్టుంటానని మా అమ్మే అనేది. అమ్మ ముద్దుగా అన్నమాటే అలా ఉంటే బళ్ళో వాళ్ళు ఏమనేవారో మీరే ఊహించుకోండి. అక్కర్లేదు, నేనే చెబుతాను: చెవులపిల్లి.

బడి అయిపోయింది. కాలేజీ తెరవడానికి పది వారాలుంది. అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు. ఈ పది వారాల్లో తలకో దారి చూపించకపోతే నా పాత పేరు నాకంటే ముందే వెళ్ళి బెంచీ మీద చోటు పట్టేస్తుంది. పదహారేళ్ళ వయసులో ఒక మనిషికి ఉండగల అత్యున్నత ఆశయం నాకా వేసవిలో ఉండేది: ఒక మంచి క్రాపు. క్రాపంటే పంటేగా. ఆ ఏడు మా ఇంట్లో పంట బాగానే వచ్చింది. దాన్ని మేసిన కంచెను నేనే.

మా వీధి చివర ఒక సెలూను ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఎదురుచూసేవాళ్ళకి ఒక బెంచీ. యజమానీ పనివాడూ ఒకడే. చేతి వేగాన్ని బట్టి ఊరంతా ఆయన్ని నిదానం అనేవారు. ఆయన దగ్గర గడ్డం గీయించుకోవడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి మొదట గీసిన చెంప మీద మళ్ళీ మొలుస్తుందని ప్రతీతి. మా నాన్నా ఆయనా చిన్నప్పట్నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. అందుకని నాకు మామయ్య.

అప్పటిదాకా నాన్నే నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించేవాడు. పొట్టిగా అని అర్థం. నోటితో చెప్పేవాడు కాదు. నాన్నకు నత్తి. మాట గడప దగ్గరే ఇరుక్కుపోయేది. అది బయటపడేలోగా ఎదుటివాళ్ళు జాలిపడి ఏదో ఒక మాట అందించేవాళ్ళు. అది ఆయన అనబోయిన మాట అయ్యేది కాదు. అయినా సరేనని తలూపేసేవాడు. అలా నలభై ఏళ్ళుగా తను అనని మాటలన్నిటికీ తలూపుతూ బతికాడు.

ఆ వేసవిలో మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళాను.

"ఏం అల్లుడూ, నాన్నేడీ?" అన్నాడు మామయ్య.

"నేనే వచ్చాను. నాకు బాగుండేట్టు చెయ్యాలి మామయ్యా."

"బాగుండేట్టంటే?"

"చెవులు కనపడకూడదు."

"కోసెయ్యనా?"

బెంచీ మీద పేపరు చదువుతున్న దర్జీ పేపరు వెనకాలే కిసుక్కుమన్నాడు.

మామయ్య గుడ్డ కప్పి, నా సుళ్ళని బొటనవేలితో అదిమి చూసి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. నోరు కదిలితే కణతల దగ్గర కండ కదులుతుంది. కండ కదిలితే ఏ వెంట్రుక మొండిదో బయటపడుతుంది. నోరు మూసుకుంటే అందరి తలలూ ఒకటే, గుమ్మడికాయలు."

మా లెక్కల మాస్టారి గురించి చెప్పాను. ఆయన బోర్డు మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో దారి తప్పి, చివరికి పుస్తకం వెనకున్న జవాబు రాసి 'ఇలా వస్తుంది' అనేవాడని చెప్పాను. దర్జీ పేపరు దించాడు. మామయ్య నవ్వుతూనే నా తల పక్కకి వంచాడు.

"నీ దగ్గర సరుకుందిరా. కాకపోతే ఆఖరి మాట తోసుకుని ముందే వచ్చేస్తోంది. దాని ముందు ఆగు. ఊపిరి పీల్చుకో. అందరూ నీకేసి చూశాక అప్పుడు వదులు."

అంతా చూసి, ఒక్క వెంట్రుకైనా కత్తిరించకుండా గుడ్డ తీసి దులిపేశాడు.

"అదేంటి మామయ్యా?"

"మీ నాన్న ఇన్నేళ్ళూ పొట్టిగా కొట్టించి నీ చెవుల్ని దిక్కులేనివాళ్ళలా వీధిలో నిలబెట్టాడు. వాటికి పక్కన తోడుండాలి. అయిదు వారాలు పెంచు. ఈలోగా వచ్చి కూర్చుంటూ ఉండు, ఎటు పెరుగుతోందో చూస్తాను."

అలా నేను సెలూన్లో జుట్టూ నోరూ పెంచడం మొదలుపెట్టాను. ఇంట్లో నాకు మాటలు వచ్చేవి కావు. మాట్లాడలేని మనిషి ఎదురుగా గడగడా మాట్లాడితే ఆకలిగా ఉన్నవాడి ముందు లొట్టలేసినట్టుంటుంది. సెలూన్లో ఆ మొహమాటం లేదు. రెండు వారాలకే దర్జీ, మందుల షాపాయన, రిటైరైన బస్సు కండక్టరు నేనొచ్చే వేళకి గడ్డాలు పెట్టుకుని తయారుగా ఉండేవాళ్ళు. మా వీధికి నేను తలలో నాలుక అయ్యాను. ఆ తల ఇంకా కుదరలేదు గానీ నాలుక మాత్రం పదునెక్కింది.

మా నాన్నకు బట్టతల. చెవుల వెనక నాలుగు, మెడ మీద ఆరు, అంతే ఆస్తి. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే, షాపు తెరవకముందే సెలూనుకి వెళ్ళి గంటసేపు కూర్చుని వచ్చేవాడు. "పది వెంట్రుకలకి గంట. అంటే ఒక్కోదానికి ఆరు నిమిషాలు," అని అమ్మ లెక్కగట్టేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

మూడో వారమో నాలుగో వారమో, చెవుల మీదికి జుట్టు వచ్చిన సంబరంలో ఆగలేక నేనూ ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. షట్టరు సగానికి దించి ఉంది. లోపల కత్తెర చప్పుడవుతోంది, టిక్కు టిక్కు టిక్కు. ఎవరో గడగడా మాట్లాడుతున్నారు.

"ఆ కొత్త ఆఫీసరు ఏమన్నాడో తెలుసా బావా? ఒకటో తారీకు నుంచి నంబర్లొద్దు, పేర్లు పిలవాలన్నాడు. పిలవలేకపోతే కింద రికార్డు గదిలో బోలెడు పనుందన్నాడు. చదువుకున్నవాడివి, పేరు పిలవడానికి నొప్పేంటి అన్నాడు. నొప్పి నాకు కాదు సార్, వినేవాళ్ళకి అందామనుకున్నాను. అది అనేలోగా ఆయన రిటైరైపోతాడని ఊరుకున్నాను."

మామయ్య పకపకా నవ్వాడు. కత్తెర ఆగింది. ఆగగానే ఆ గొంతు తర్వాతి మాట దగ్గర కొక్కేనికి తగులుకున్నట్టు నిలిచిపోయింది. "అ... అ... అ..." కత్తెర మళ్ళీ మొదలైంది. మాట కదిలింది.

వంగి చూశాను. కుర్చీలో నాన్న. మామయ్య ఆయన బట్టతల పక్కన, గాల్లో, ఖాళీ కత్తెర ఆడిస్తున్నాడు. కత్తెర తాళం వేస్తుంటే ఆ తాళం మీద నాన్న మాటలు పట్టాలెక్కిన రైలులా పోతున్నాయి. నేనెన్నడూ వినని గొంతు అది. పైగా హాస్యం. నా చమత్కారం ఎక్కడిదో అని మురిసిపోయేవాణ్ణి. అది సొంత సంపాదన కాదని, వారసత్వపు ఆస్తని ఆ మెట్టు మీద తెలిసింది.

నాన్న పని జనన మరణ ధ్రువపత్రాల కౌంటర్లో. పుట్టినవాళ్ళకి మాటలు రావు, పోయినవాళ్ళకి మాటలుండవు, మధ్యలో నాన్నకీ అక్కర్లేకపోయింది. పత్రం తయారయ్యాక పలక మీద నంబరు రాసి అద్దం వెనక నిలబెట్టేవాడు. ఇప్పుడు ఆ పలక పోతోంది.

"సరే, పేర్లు పిలుద్దాం, కానీ," అన్నాడు మామయ్య. నాన్న పిలిచాడు. ఒకటి తర్వాత ఒకటి, ఇరవై పేర్లు. "చూడు బావా, నేనొచ్చి కౌంటర్లో నిలబడలేను కదా. బల్ల కింద వేలితో కొట్టుకో. ఇదే చప్పుడనుకో. ఎవడికీ కనపడదు, ఎవడికీ తెలీదు."

లోపలికి వెళ్ళలేదు. చప్పుడు చెయ్యకుండా ఇంటికొచ్చేశాను. అమ్మకైనా చెప్పలేదు. అంతవరకు నేను మంచివాణ్ణే.

ఒకటో తారీకు సాయంత్రం భోజనాల దగ్గర నాన్న కంచం అంచు మీద వేలితో చిన్నగా కొట్టాడు. "ఇవాళ నలభై రెండు పేర్లు పిలిచాను," అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఉంది. "ఏమన్నారు?"

"నలభై రెండు పేర్లు పిలిచాను."

"మళ్ళీ అనండి," అంది అమ్మ. వినపడక కాదు.

తర్వాతి రెండు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. కంచం మీదా కిటికీ చువ్వ మీదా కుర్చీ చేతి మీదా వేలు ఆడుతూనే ఉంది, నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అది మొదటి ఫిర్యాదు. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "విన్నావా, మీ నాన్న ఉప్పు తక్కువన్నారు," అని బిరుదేదో వచ్చినట్టు చెప్పుకుంది.

ఆ రెండో వారం చివర, శనివారం సాయంత్రం నా తల ముహూర్తానికి వచ్చింది.

మామయ్య ముప్పావు గంట పనిచేశాడు. పక్కల జుట్టు చెవుల పైదాకా దించి, అక్కడ తెంపకుండా మెల్లగా పలచబరిచాడు. సుళ్ళు రెండింటి మధ్యనుంచి పాపిడి తీశాడు. ఎదురెదురుగా కొట్టుకుంటున్న రెండూ ఒక్కసారిగా చెరో వైపుకి సర్దుకుని పడుకున్నాయి. చెవులు అలాగే ఉన్నాయి, కానీ ఇప్పుడవి నావిలా ఉన్నాయి. అద్దంలో ఉన్న కుర్రాణ్ణి చూసి, వీడెవడో బాగానే ఉన్నాడే అనుకున్నాను.

"మెడ దగ్గర కాస్త ఉంది, కదలకు," అని మామయ్య నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళాడు.

బెంచీ నిండా జనం. ముగ్గురు పాతవాళ్ళు, ఇద్దరు నేనెరగనివాళ్ళు. అప్పటికే రెండు జోకులు పేల్చి ఉన్నాను. దర్జీ అడిగాడు, "అది సరేగానీ అబ్బాయ్, మీ నాన్న నెత్తిన మొలకే లేదు కదా, వారం వారం ఇక్కడేం కోతకొస్తాడు?"

అందరూ నాకేసి చూశారు. అది మామయ్య చెప్పిన క్షణమే. ఆగాను. ఊపిరి పీల్చుకున్నాను. బల్ల మీది కత్తెర తీసుకున్నాను.

ముందు నాన్న నత్తి చేసి చూపించాను. అచ్చం అలాగే వచ్చింది. రాకేం, పుట్టినప్పట్నుంచీ వింటున్నదే కదా. తర్వాత చెవి పక్కన కత్తెర ఆడించి గడగడా పేర్లు పిలిచాను. కత్తెర ఆపాను, నత్తి. ఆడించాను, రైలు. కౌంటర్లో బల్ల కింద వేలు ఎలా ఆడుతుందో కూడా చూపించాను. కండక్టరుకి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అంత నవ్వు అంతకు ముందెప్పుడూ నాకు దక్కలేదు. నిజం చెప్పాలంటే, తర్వాత కూడా చాలా ఏళ్ళ దాకా దక్కలేదు.

అద్దంలో చూస్తే పెరటి గుమ్మంలో చెంబుతో మామయ్య నిలబడి ఉన్నాడు.

వచ్చి నా చేతిలోంచి కత్తెర తీసుకుని గుడ్డతో తుడిచాడు. "తల వంచు," అన్నాడు. మెడ దగ్గర మిగిలింది పూర్తిచేశాడు. కత్తెర వెంట్రుక ఉన్నచోటే కదిలింది. గాల్లో ఒక్కసారీ చప్పుడు చెయ్యలేదు. అలసిపోయాడనుకున్నాను.

పది రోజుల తర్వాత నాన్న క్యారియరు మర్చిపోతే ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు ముందు బారెడు వరస. అద్దం వెనక నాన్న ఒక పత్రం పైకెత్తి పేరు పిలవబోతున్నాడు. వరసలో ముందున్న పెద్దాయన జేబులోంచి తాళాల గుత్తి తీసి అద్దం మీద కొట్టడం మొదలుపెట్టాడు, టిక్కు టిక్కు టిక్కు.

"మీరు పిలవండి బాబూ, నే కొడుతుంటాను. ఇలా అయితే మీకు వస్తుందటగా."

ఆయన వెక్కిరించలేదు. సాయమే చేస్తున్నాడు. వెనకున్నవాళ్ళలో కొందరు నవ్వారు, ఇంకొకడు ఉంగరంతో కటకటాల మీద తాళం అందుకున్నాడు. నాన్న చేతిలో కాగితం అలాగే ఉంది. పెదవులు ఆ పేరు మొదటి అక్షరం దగ్గర కలిసి, కలిసినవి విడిపోలేదు. చాలాసేపటికి కాగితం దించి, సొరుగులోంచి పలక తీశాడు. నంబరు రాసి నిలబెట్టాడు.

క్యారియరు బంట్రోతుకి ఇచ్చి వచ్చేశాను.

ఆ ఆదివారం నాన్న సెలూనుకి వెళ్ళలేదు. పొద్దున్నే లేచి తయారై, చెప్పులేసుకుని, మళ్ళీ విప్పి కూర్చున్నాడు. అమ్మ పక్కన కూర్చుంది.

"ఏమైందండీ? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

వేలు కుర్చీ చేతి మీదికి వెళ్ళింది. ఒక్కసారి తట్టింది. నాన్న దాన్ని వెనక్కి తీసుకుని గుప్పిట్లో మడిచేశాడు. "బా... బా... బావ..."

"బావగారే అందరికీ చెప్పేశారా?" అంది అమ్మ.

నాన్న తలూపాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్నా, నేనే. అనాల్సింది ఆ రెండు మాటలే. అయిదుగురిని కడుపుబ్బ నవ్వించిన నోరు నాది. తెరిచాను కూడా. "బజారుకి వెళ్ళొస్తాను," అన్నాను.

వెళ్ళింది సెలూనుకి. షట్టరు సగానికి దించే ఉంది. మామయ్య కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు.

"నాన్న రారు," అన్నాను.

"తెలుసు. నిన్న అవతలి వైపు నుంచి వెళ్ళాడు, తల తిప్పుకుని."

"మీరు చెప్పారనుకుంటున్నారు మామయ్యా."

"ఇంకెవరనుకుంటాడు? నాకు తప్ప ఎవరికీ తెలీదనేగా వాడి ధైర్యం."

"నేను చెప్పేస్తాను, నేనేనని."

"చెప్పు," అని నాకేసి చూశాడు. నేను అద్దంలోకి చూశాను. పాపిడి చెదరలేదు.

"నేనైతే చెప్పను," అన్నాడు చివరికి. "సెలూను ఇంకోటి దొరుకుతుంది వాడికి. కొడుకుని ఎక్కడ వెతుక్కుంటాడు? నీ అంతట నువ్వు చెప్పుకుంటే అది వేరే సంగతి." షట్టరు పూర్తిగా పైకెత్తాడు. "వెళ్ళేప్పుడు ఆ బెంచీ కాస్త ఇటు జరుపు."

చెబుదామనే ఉండేది. పొద్దున్న అయితే సాయంత్రమనుకునేవాణ్ణి, సాయంత్రమైతే ఆయన అలసిపోయి ఉన్నాడనుకునేవాణ్ణి. ఈలోగా నాన్న తనే అర్జీ పెట్టుకుని కింద రికార్డు గదికి మారాడు. అక్కడ కిటికీ లేదు, కౌంటరు లేదు, పిలవాల్సిన పేరు లేదు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. బావలిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. క్షవరమైతే గాని వివరం తెలియదంటారు. వివరం నాకు అప్పుడే తెలుసు. మిగతా ఇద్దరికీ క్షవరమైంది.

ఇవాళ నా చేతికి మైకిస్తే లాక్కోవాల్సిందే తప్ప నేను ఇవ్వను. వందలమంది ఎదురుగా ఆఖరి మాట ముందు ఆగి, ఊపిరి పీల్చి వదులుతాను. నవ్వుతారు. ఆ ఆగిన క్షణంలో నాకు ఏం వినపడుతుందో వాళ్ళకి తెలియదు.

కాలేజీ తెరిచే ముందురోజు జుట్టు సర్దించుకోవడానికి మళ్ళీ మామయ్య దగ్గరికే వెళ్ళాను. దొడ్డిదారిన వెళ్ళి దొడ్డిదారిన వచ్చాను. ఆయన పని మాత్రం ఎప్పటిలాగే ముప్పావు గంట చేశాడు.

ఇంటికొచ్చేసరికి వసారాలో నాన్న పేపరు చదువుతున్నాడు. తలెత్తి చూసి, వేలితో గుండ్రంగా చూపించాడు. తిరగమని. తిరిగాను. లేచి వచ్చి నా మెడ వెనక, జుట్టు చర్మంలో కలిసిపోయే గీత మీద బొటనవేలితో నిమిరాడు. రెండోసారి నిమిరాడు.

"ఎ... ఎక్కడ?"

"బస్టాండు దగ్గర. కొత్త సెలూను."

నాన్న నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. పక్కలు చూశాడు, పాపిడి చూశాడు. ఆ ముఖంలో చాలా రోజుల తర్వాత సంతోషం కనపడింది.

"ప... పని తెలిసినవాడు," అన్నాడు. "ఇ... ఇలాంటివాణ్ణి వ... వదులుకోకు."

"సరే నాన్నా," అన్నాను.

ఆయన వెళ్ళి మళ్ళీ పేపరు తీసుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాను. నిజంగానే చాలా బాగుంది.